నడుము కొలతతో మొదలుపెట్టండి, గుండె కోసం
కాటా ఎక్కే ముందు దర్జీ టేపు తీయండి. అంగీ పైకెత్తి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. చాలామంది పొట్ట కింద, ప్యాంటు కట్టే చోట కొలుస్తారు, అది తక్కువ చూపిస్తుంది. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. కడుపు లోపలి కొవ్వే బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెంచి గుండె రక్తనాళాల్లో పూడిక తెస్తుంది.

నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో జొన్నరొట్టె ఉండనే ఉంది. కానీ నాలుగు రొట్టెలు తిని పైన అన్నం కూడా పెట్టుకుంటే ఏం లాభం? రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, ఆకుకూర చాలు. రోజూ అరగంట వడివడిగా నడవండి. ఎండాకాలంలో పొద్దున ఏడులోపే ముగించండి. 100 కిలోల మనిషి 5 నుంచి 10 కిలోలు తగ్గినా బీపీ దిగుతుంది.

బరువు తగ్గడానికి వేసే సెమాగ్లూటైడ్ సూది డాక్టర్ రాస్తేనే తీసుకోవాలి. వారానికోసారి, 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాలకోసారి పెంచుతారు. తొందరపడితే వాంతులు. షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ పడిపోవచ్చు, వాటి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. గర్భిణులు వాడకూడదు. మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది.

నడుస్తుంటే ఛాతీ పట్టేస్తే వెంటనే ఆగండి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.