రెయిడ్ పడిపోతే ముందు డిస్కుల మీద నంబర్లు రాయండి

భీమవరం, అమలాపురం వైపు రైస్ మిల్లుల్లో, రొయ్యల ప్లాంట్లలో అకౌంట్లన్నీ ఓ మూలనున్న సర్వర్‌లోనే ఉంటాయి. తుఫాను రోజుల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటే రెయిడ్ 5లో (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే నిల్వలా నడిపే పద్ధతి) రెండు డిస్కులు ఫెయిల్ అని చూపించొచ్చు. రెయిడ్ 5 ఒక్క డిస్కు పోతేనే తట్టుకుంటుంది కాబట్టి మొత్తం ఆగిపోతుంది. అయితే రెండూ నిజంగా పోయాయని అనుకోనక్కర్లేదు.

టెన్షన్‌లో రీబిల్డ్, ఇనిషియలైజ్ నొక్కకండి, అవి డిస్కుల మీద కొత్తగా రాసేస్తాయి. సర్వర్ ఆపి, ఏ డిస్కు ఏ స్లాట్‌లోదో మార్కర్‌తో రాసుకోండి. తర్వాత ప్రతి డిస్కునూ డీడీరెస్క్యూతో (పాడైన డిస్కుల్ని కాపీ చేసే ప్రోగ్రామ్) వేరే డిస్కుకి కాపీ చేయండి. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలవుతుంది. మన దగ్గర ఇది చిన్న సంగతేం కాదు!

లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే దాన్ని నడిపే ఎండీఅడ్మ్ ప్రోగ్రామ్‌లో ఎగ్జామిన్ ఇచ్చి ఈవెంట్ కౌంట్లు (రెయిడ్‌లో మార్పు జరిగినప్పుడు డిస్కులో పెరిగే అంకె) చూడండి. ఆ అంకెలో అన్నిటికంటే బాగా వెనకబడినది ముందే పడిపోయిన డిస్కు. దాన్ని పక్కన పెట్టి, మిగతావాటి కాపీలను ఫోర్స్‌తో అసెంబుల్ చేసి (బలవంతంగా మళ్లీ ఒకటిగా కలిపి), రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, మౌంట్ చేయండి. కొత్తగా రెయిడ్ తయారుచేసే క్రియేట్ జోలికి మాత్రం వెళ్లొద్దు, డిస్కుల వరుసో చంక్ సైజో (ఒక్కో డిస్కు మీద ఒకసారి రాసే ముక్క సైజు) తప్పితే ఉన్న డేటా కూడా పాడవుతుంది.

పార్టిషన్లు (డిస్కులోని విభాగాలు) కనపడకపోతే వాటిని వెతికే టెస్ట్‌డిస్క్ వాడండి, విడి డిస్కు మీద కాదు, అసెంబుల్ అయిన అర్రే (కలిపిన డిస్కుల గుంపు) మీద. దొరికిన పార్టిషన్ మీద పీ నొక్కితే ఫైళ్లు కనిపిస్తాయి. అవి చూశాకే రైట్ (దొరికిన పార్టిషన్ల వివరాలు రాసేయడం) కొట్టండి.

డిస్కు టకటకమంటుంటే ఇవేవీ వద్దు. పవర్ తీసేసి రికవరీ ల్యాబ్‌కి పంపండి.