అద్దె ఇంటి గోడకు వాల్‌పేపర్: కొత్తగా వచ్చినవారికి సూచనలు

కొత్త దేశంలో ఇల్లు దొరికి, సామాను సర్దుకున్నాక బోసి గోడలు కంటికి ఆనతాయి. వాల్‌పేపర్ కొనేముందు అద్దె ఒప్పందం తీసి గోడల గురించి ఏం రాశారో చూడండి. అందులో ఆ మాటే లేకపోతే అనుమతి ఇచ్చినట్టు కాదు. ఏ గోడకు వేస్తారు, ఏ రకం వేస్తారు, ఖాళీ చేసేటప్పుడు తీసేయాలా వద్దా అన్న మూడు విషయాలూ యజమానిని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పని మొదలుపెట్టే ముందు గోడను ఫొటోలు తీసి ఉంచుకోండి. డిపాజిట్ దగ్గర పేచీ వస్తే అవే పనికొస్తాయి.

అద్దె ఇంటికి వెనక జిగురున్న స్టిక్కర్ రకమే మేలని అందరూ చెబుతారు. అది గోడ మీద ఆధారపడిన మాట. గరుకు గోడకు అది సరిగా పట్టదు, అంచులు లేచిపోతాయి. పెయింట్ బలహీనంగా ఉంటే ఊడదీసేటప్పుడు పెచ్చులుగా దాన్నీ లాక్కొస్తుంది. కొత్తగా పెయింట్ వేసిన గోడైతే కనీసం 4 వారాలు ఆగాలి. రోల్ మొత్తం వాడేముందు అరచేయంత ముక్కను బీరువా వెనక అంటించి, వారం తర్వాత తీసి చూడండి. పెయింట్ కదలకపోతేనే ముందుకు వెళ్లండి. యజమాని ఒప్పుకుంటే మాత్రం మా ఓటు నాన్ వోవెన్ (నేయకుండా నారలను అదిమి చేసిన కాగితం) రకానికే. జిగురు గోడకే రాస్తారు, కాగితం నాని సాగదు, తీసేటప్పుడు చాలావరకు పొడిగానే నిలువునా ఊడి వస్తుంది.

రోల్ మీది భాష రాకపోయినా ఇబ్బంది లేదు, గుర్తులు చాలు. ఒక్క అల గీత ఉంటే, అతికించేటప్పుడు పైన పడ్డ జిగురును తడి స్పంజితో తుడవచ్చని మాత్రమే అర్థం. రోజూ చేతులు తగిలే చోట అది నిలవదు. రెండు, మూడు అలలున్నది కడిగినా తట్టుకుంటుంది. వంటగదికి, పిల్లలు తిరిగే వసారాకు అలలతో పాటు బ్రష్ బొమ్మ కూడా ఉన్నది వెతకండి. సూర్యుడి బొమ్మ నిండుగా ఉంటే ఎండకు రంగు బాగా ఆగుతుంది, సగమే ఉంటే ఓ మోస్తరుగా. ఒక బాణం పైకి, ఒకటి కిందికి చూపిస్తే ప్రతి రెండో పట్టీని తలకిందులుగా వేయాలి. ఇది గమనించకపోతే సాదా రంగు గోడ కూడా చారలు చారలుగా కనిపిస్తుంది. 64/32 లాంటి అంకెలుంటే డిజైన్ 64 సెం.మీ.కు ఒకసారి తిరిగి వస్తుందనీ, పక్క పట్టీని 32 సెం.మీ. జరపాలనీ అర్థం.

ఎన్ని రోల్స్ కావాలో తేల్చేది ఆ అంకే. సాధారణంగా దొరికే యూరప్ రోల్ 53 సెం.మీ. వెడల్పు, 10.05 మీటర్ల పొడవు ఉంటుంది. గోడ 4 మీటర్ల వెడల్పు, 2.40 మీటర్ల ఎత్తు అనుకుందాం. 8 పట్టీలు కావాలి. పైనా కిందా కోతకు 10 సెం.మీ. కలిపితే ఒక్కో పట్టీ 2.50 మీటర్లు. డిజైన్ కలపనక్కర్లేకపోతే ఒక రోల్‌లో 4 పట్టీలు వస్తాయి, 2 రోల్స్ చాలు. డిజైన్ 64 సెం.మీ.కు, పక్కకు జరపకుండా కలిసేదైతే పట్టీ 2.56 మీటర్లవుతుంది. మూడు పట్టీలు కోశాక మిగిలేది 2.37 మీటర్లు, అంటే గోడ ఎత్తుకు సరిగ్గా 3 సెం.మీ. తక్కువ! కాబట్టి 3 రోల్స్ కొనాలి. విస్తీర్ణాన్ని భాగించి లెక్కవేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. తర్వాత తెచ్చిన రోల్ అదే డిజైనైనా రంగు ఛాయ తేడా రావచ్చు.

గోడను సిద్ధం చేయడమే పనిలో సగం. మేకుల రంధ్రాలు పుట్టీతో పూడ్చి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి ప్రైమర్ వేయండి. జిప్సం బోర్డుకు ప్రైమర్ తప్పనిసరి. లేదంటే తీసేటప్పుడు బోర్డు పైపొర చిరుగుతుంది. పాత ఇళ్ల పెయింట్‌లో సీసం ఉండవచ్చు గనుక అలాంటి గోడను పొడిగా రుద్దవద్దు. చలి దేశాల్లో బయటి గోడ లోపలివైపు చెమ్మ పడుతుంది. అక్కడ వినైల్ (పైన ప్లాస్టిక్ పొర ఉన్న రకం) వేస్తే తేమ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. బూజు మరకలున్న గోడకు అసలు కారణం సరిచేయకుండా కాగితం వేయకండి.

మూలలు నిటారుగా ఉంటాయని నమ్మకండి. మూల నుంచి 52 సెం.మీ. కొలిచి, దారానికి బరువు కట్టి వేలాడదీసి పెన్సిల్ గీత గీయండి. మొదటి పట్టీ ఆ గీతకే ఆనాలి. మిగిలిన 1 సెం.మీ. మూల మలుపు తిరిగి పక్క గోడ మీదికి వెళ్తుంది. పట్టీల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఒరుసుకుని ఉండాలి. బ్రష్‌తో నడుమ నుంచి అంచులకు నిమిరి గాలి తీయండి. తడి కాగితాన్ని అరిగిన బ్లేడు చింపేస్తుంది, రెండు మూడు పట్టీలకోసారి కొత్త మొన వాడండి. స్విచ్‌ల దగ్గర కోసేముందు మెయిన్ ఆపేయండి.

మామూలు కాగితం రకానికి జిగురు రాశాక నానబెట్టే సమయం లేబుల్ మీద ఉంటుంది. ప్రతి పట్టీనీ గడియారం చూసి అంతసేపే నాననివ్వండి. ఒకటి తక్కువ నానితే గోడ మీదే సాగి ముడతలు పడుతుంది. ఆరేదాకా హీటర్, కిటికీ రెండూ మూసే ఉంచండి. త్వరగా ఆరితే అతుకులు విచ్చుకుంటాయి. చిన్న బుడగలు కనిపిస్తే ఒక రోజు ఆగండి, చాలావరకు ఆరేటప్పుడు అవే సర్దుకుంటాయి. అప్పటికీ పోనివాటిని బ్లేడుతో గాటు పెట్టి, లోపల కాస్త జిగురు పూసి నొక్కండి.

ఖాళీ చేసేటప్పుడు స్టిక్కర్ రకాన్ని హెయిర్ డ్రయర్‌తో వెచ్చబరుస్తూ, పై మూల నుంచి గోడకు దగ్గరగా మడిచి నెమ్మదిగా లాగండి. ఎదురుగా గుంజితే పెయింట్ ఊడుతుంది.