మెన్‌స్ట్రువల్ కప్ లీకవుతోందా, బయటికి రావట్లేదా? కారణం ఇలా పట్టుకోండి

నెలసరి రక్తాన్ని పట్టడానికి యోనిలో పెట్టుకునే మెత్తటి గిన్నెలాంటి మెన్‌స్ట్రువల్ కప్ అలవాటు కావడానికి చాలామందికి రెండు మూడు నెలసరులు పడుతుంది. ఈలోపు లీకైతే కప్పే మంచిది కాదని, నొప్పి పెడితే తమ ఒంటికి సరిపడదని అనుకుని పక్కన పెట్టేస్తుంటారు. అలా వదిలేసేముందు, లేదా ఇంకో కప్ కొనేముందు, ఒక్క పని చేయండి. మీ గర్భాశయ ముఖద్వారం, అంటే సర్విక్స్, ఎంత ఎత్తులో ఉందో వేలితో చూసుకోండి. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

నెలసరి రోజుల్లోనే చూడాలి. ఆ రోజుల్లో చాలామందికి సర్విక్స్ కాస్త కిందికి దిగుతుంది, రోజురోజుకీ మారుతుంది కూడా. చేతులు కడుక్కుని, గొంతుకూర్చుని, చూపుడువేలిని నెమ్మదిగా లోపలికి పోనివ్వండి. మెత్తటి గోడల మధ్య ముక్కు కొనలా కాస్త గట్టిగా, నడుమ చిన్న గుంటతో తగిలేదే సర్విక్స్. వేలు మొదటి కణుపు దాటకముందే తగిలితే కిందికి ఉన్నట్టు, రెండో కణుపు దగ్గర తగిలితే మధ్యస్థం, వేలంతా పోయినా అందీ అందనట్టుంటే పైకి ఉన్నట్టు. కిందికి ఉంటే పొట్టి కప్, పైకి ఉంటే పొడవాటి కప్ తీసుకోవాలి. 30 ఏళ్లలోపు వాళ్లకు చిన్నది, ప్రసవమైనవాళ్లకు పెద్దది అని డబ్బాల మీద రాసేది ఉజ్జాయింపు మాత్రమే. వయసు కన్నా ఈ కొలతనే నమ్మమంటాను.

లీకవుతోంది

కప్ బయటికి తీసినప్పుడు అందులో ఎంత ఉందో ముందు చూడండి. కారణం రెండు దారుల్లో ఏదో అక్కడే తేలిపోతుంది.

నిండుగా ఉంటే అమరికలో తప్పు లేదు, ఖాళీ చేయడం ఆలస్యమైందంతే. ఎక్కువగా పోయే రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీసేయండి. నెలసరి మొత్తంలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మి.లీ. ఉంటుంది. 80 మి.లీ. దాటితే దాన్ని అధిక రక్తస్రావం అంటారు. పెద్ద కప్ కూడా ప్రతి నెలా గంటా రెండు గంటలకే నిండిపోతుంటే కప్ మార్చి ప్రయోజనం లేదు, డాక్టర్‌ని కలవాలి. చాలా కప్పుల మీద మి.లీ. గీతలుంటాయి. వాటిని చూసి రాసి పెట్టుకుంటే, ప్యాడ్లతో చెప్పలేని లెక్క డాక్టర్‌కి చెప్పగలుగుతారు.

సగం కూడా నిండకుండా లీకైతే కప్ లోపల పూర్తిగా విచ్చుకోకపోయి ఉండొచ్చు. పెట్టుకున్నాక అడుగుభాగం చుట్టూ వేలు తిప్పండి. సొట్ట తగిలితే మడత అలాగే ఉండిపోయింది. అడుగు పట్టుకుని కొంచెం తిప్పండి, లేదా కాస్త కిందికి లాగి మళ్లీ పైకి పోనివ్వండి. అంచు లోపలికి నొక్కి పెట్టే పంచ్ డౌన్ మడతతో కప్ సన్నగా లోపలికి వెళ్తుంది, కానీ కొందరికి తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. అలాంటప్పుడు సి ఆకారపు మడత లేదా ఏడు అంకె ఆకారపు మడత ప్రయత్నించండి. ఎన్ని మడతలు మార్చినా విచ్చుకోకపోతే కప్ మరీ మెత్తనిది కావచ్చు. వ్యాయామంతో కటి కండరాలు బిగువుగా ఉన్నవాళ్లకు కాస్త గట్టి కప్ నప్పుతుంది.

కప్ బాగానే విచ్చుకున్నా లీకవుతుంటే అది సర్విక్స్ పక్కకి వెళ్లిపోయి ఉండొచ్చు. పెట్టేటప్పుడు నిటారుగా పైకి కాకుండా, వెన్నెముక కింది చివర వైపు వంచి పోనివ్వండి. సర్విక్స్ బాగా కిందికి ఉన్నవాళ్లలో అది కప్ లోపలికే దిగి చోటు ఆక్రమిస్తుంది. దాంతో నిండనట్టే కనిపించినా పొంగుతుంది. అంచు కిందుండే సన్నటి రంధ్రాలు పూడుకుపోయినా పట్టు సరిగా కుదరదు.

పెట్టుకున్న కొద్దిసేపటికి కొంచెం మరక కనబడితే మాత్రం కంగారు వద్దు. గోడలకు అంటుకుని మిగిలిన రక్తమే అది. మొదటి నెలల్లో ప్యాంటీ లైనర్ కూడా వాడితే టెన్షన్ ఉండదు.

బయటికి రావట్లేదు

కప్ కడుపులోకి పోదు. సర్విక్స్ ద్వారం చాలా సన్నం, దాన్ని దాటి కప్ వెళ్లే దారే లేదు. భయంతో బిగుసుకుంటే కండరాలు దాన్ని ఇంకా పైకి పట్టేస్తాయి. కాబట్టి కాసేపు ఆపి, అటూ ఇటూ నడిచి, మనసు కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. గొంతుకూర్చుని, మోషన్‌కి ముక్కినట్టు మెల్లగా ముక్కితే కప్ కిందికి వస్తుంది. కప్ అడుగున ఉండే కాడ పట్టుకుని దారి చూసుకోండి, కానీ కాడ పట్టుకుని లాగొద్దు. అడుగుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే గాలి లోపలికి వెళ్లి పట్టు వదులుతుంది. అప్పుడు కొంచెం పక్కకి వంచి, అంచు ఒకవైపు ముందు వచ్చేలా తీయండి.

ఈ నొక్కడం మాత్రం ఎప్పుడూ మానొద్దు. పట్టు వదలకుండా పదే పదే లాగిన కొందరిలో గర్భాశయం కిందికి జారిన సంఘటనలు నమోదయ్యాయి. ఎంతకీ రాకపోతే ఏ పరికరమూ లోపలికి పెట్టకుండా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. వాళ్లకు ఇది నిమిషాల పని, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నొప్పి, ఒత్తిడి

కింద గుచ్చుకుంటుంటే కాడ పొడవైందని అర్థం. కప్ బయటికి తీసి, కాడని కొంచెం కొంచెంగా కత్తిరించండి. అడుగుభాగానికి కత్తెర తగలకూడదు. మూత్రం సన్నగా వస్తుంటే, లేదా మాటిమాటికీ వెళ్లాలనిపిస్తుంటే కప్ మూత్రాశయాన్ని నొక్కుతోంది. మెత్తటిది, చిన్నది వాడి చూడండి. నడుముకి ఒకపక్క తీవ్రంగా నొప్పి వస్తే కప్ తీసేసి డాక్టర్‌కి చూపించండి. తప్పుగా అమరిన కప్ మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ ఉబ్బిన కేసులు అరుదుగా ఉన్నాయి.

లోపలికే వెళ్లకపోతే ఎక్కువసార్లు కారణం పొడిదనం. కప్‌ని నీళ్లతో తడపండి, లేదా నీటి ఆధారిత లూబ్రికెంట్ రాయండి. సిలికాన్ కప్‌కి సిలికాన్ లూబ్రికెంట్ వాడితే పాడవుతుంది. పెళ్లికాని అమ్మాయిలు కూడా కప్ వాడొచ్చు. కన్నెపొర సాగొచ్చు, చిరగొచ్చు, కానీ దాన్ని చూసి ఎవరి గురించీ ఏమీ తేల్చలేరు.

వాసన, మరకలు

ముందు చల్లటి నీళ్లతో కడిగితే మరక పట్టదు. ప్రతి నెలసరికీ ముందూ తర్వాతా దాదాపు 5 నిమిషాలు మరిగించండి, గిన్నె అడుగు తగిలి మాడకుండా చూడండి. ఆరాక గుడ్డ సంచిలో పెట్టండి, గాలి చొరబడని డబ్బాలో వద్దు. కప్ జిగటగా మారినా, పగుళ్లు వచ్చినా పారేయండి. శుభ్రంగా కడిగినా చేపలాంటి వాసన పోకపోతే అది కప్‌ది కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు.

డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడనివాళ్లు

కాపర్ టీ లాంటివి వేయించుకున్నవాళ్లకు కప్ లాగేటప్పుడు అవి జారిపోయే ప్రమాదం ఉంది. ప్రసవమైన కొత్తలో వచ్చే రక్తస్రావానికి కప్ వాడకూడదు. 6 వారాల తర్వాత పరీక్ష చేయించుకుని అప్పుడు ఆలోచించండి.

జ్వరం, ఒళ్లంతా ఎరుపు

కప్ లోపల ఉండగా ఒక్కసారిగా 39 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఎండకి కమిలినట్టు దద్దుర్లు, వాంతులు, విరేచనాలు, తల తిరగడం వస్తే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు. కొన్ని బ్యాక్టీరియా విడిచే విషం వల్ల వచ్చే ఈ జబ్బు చాలా అరుదు. కప్పుల మీద వచ్చిన 43 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన సమీక్షకు దొరికిన కేసులు 5 మాత్రమే. అయినా ప్రాణాంతకం కాబట్టే 12 గంటలకు మించి ఏ రోజూ ఉంచకూడదు, పడుకునేముందు ఖాళీ చేసి లేవగానే మళ్లీ తీయాలి. లక్షణాలు కనబడితే తెల్లారేదాకా ఆగకుండా కప్ తీసేసి ఆస్పత్రికి వెళ్లండి, కప్ వాడుతున్నానని మొదటే చెప్పండి. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లు మళ్లీ కప్ వాడకూడదు.