అక్వేరియం ట్యూబ్‌లైటుకు రిఫ్లెక్టర్: ఏ రేకు, ఏ రంగు

రిఫ్లెక్టర్ (పైకి పోయే వెలుగును కిందికి తిప్పే రేకు) పెట్టే ముందు మీ దీపం ఏ రకమో చూసుకోండి. ఎల్‌ఈడీ పట్టీలు దాదాపు 120 డిగ్రీల మేర కిందికే వెలుగు వేస్తాయి, వాటిపైన రేకు బిగించినా పెద్ద లాభం లేదు. ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైటు వెలుగును చుట్టూ చిమ్ముతుంది. మూత లోపల నల్ల ప్లాస్టిక్ అయితే పైకి పోయే సగం అక్కడే ఇంకిపోతుంది.

అందరి చెయ్యీ మొదట వంటింటి ఫాయిల్ మీదికే పోతుంది. శుభ్రమైన అల్యూమినియం తన మీద పడ్డ వెలుగులో 85-90 శాతం తిప్పి పంపుతుంది, ఫాయిల్‌దీ అదే లోహం. చిక్కు ముడతలతోనే. ఒక్కో ముడతా ఒక్కో దిక్కుకు విసిరేస్తుంది, కొంత వెలుగు మళ్లీ ట్యూబు మీదే పడి వృథా. పైగా తేమకు జిగురు ఊడి, చిరుగుతుంది. మెరిసే వైపా, మసక వైపా అన్న తర్జనభర్జన మాత్రం అనవసరం, తేడా స్వల్పం.

అద్దం బరువు, పగిలితే ప్రమాదం. స్టెయిన్‌లెస్ స్టీలు కంటికి మెరిసినా తిప్పి పంపేది 60 శాతం చుట్టూనే. జింకు పూత రేకు అసలు వద్దు: దాని మీద పట్టిన ఆవిరి నీళ్లలోకి కారితే జింకు రొయ్యలకు, నత్తలకు విషం. మెటలైజ్డ్ ఫిల్మ్ (చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొర లాంటిదే) బాగా పనిచేస్తుంది కానీ చదునైన గట్టి అట్టకు బుడగలు లేకుండా అంటించాలి. లోహపు పూత బయటికి ఉంటే నాలుగుసార్లు తుడిచేసరికి చెరిగిపోతుంది.

కొనగలిగితే 0.5 మి.మీ. మెరుగుపెట్టిన ఆనోడైజ్డ్ (పైన గట్టి ఆక్సైడ్ పొర కట్టించిన) అల్యూమినియం రేకు తీసుకోండి. చవకలో కావాలంటే ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడి పడేసిన అల్యూమినియం ఆఫ్‌సెట్ ప్లేటు, మందం 0.3 మి.మీ. దాకా ఉంటుంది. సిరా పట్టే వైపు గరుకుగా, బూడిద రంగులో ఉంటుంది, వెనకవైపు వాడండి. వంచే ఓపిక లేకపోతే మూత లోపల నీటి ఆధారిత మ్యాట్ తెల్ల రంగు రెండు పూతలు వేయండి. ముడతల ఫాయిల్ కన్నా అదే నయం. ఆయిల్ ఎనామెల్ కొన్నాళ్లకు పచ్చబడుతుంది. ఉప్పునీటి ట్యాంకులో మామూలు అల్యూమినియం తెల్లగా పొడిబారుతుంది కనుక అక్కడా తెల్ల రంగే మేలు.

రేకు ఎంత మంచిదైనా వంపు తప్పితే సగం లాభం పోతుంది. ట్యూబుకు పైన చదునుగా పెడితే వెలుగు తిరిగి ట్యూబుకే తగులుతుంది. 2 అడుగుల 18 వాట్ల ట్యూబుకు 560 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పు రేకు కోయండి. వెడల్పు వెంట 70, 30, 30, 70 మి.మీ. చొప్పున కొలిచి, పొడవునా గీతలు గీసి, రెండు ఇనుప యాంగిళ్ల మధ్య బిగించి, చెక్క సుత్తితో మెల్లగా వంచండి. చివరి నుంచి చూస్తే ఇంగ్లిష్ 'ఎం' అక్షరంలా ఉండాలి: నడి మడత లంబకోణంలో ట్యూబు వైపు దిగి, బయటి రెక్కలు నేలకు సమాంతరమైన గీతకు 60 డిగ్రీల్లో కిందికి వాలాలి. ట్యూబు నుంచి నిటారుగా పైకి వెళ్లిన వెలుగు నడి మడతకు తగిలి పక్కకు తిరుగుతుంది, రెక్క దాన్ని కిందికి దించుతుంది. మడత అంచుకూ ట్యూబుకూ 10 మి.మీ. ఖాళీ వదలండి. రక్షణ ఫిల్మ్ ఉంటే చివర్లోనే ఒలవండి.

బిగించేటప్పుడు ప్లగ్ తీసేసి ఉండాలి. రేకు చివరలు హోల్డర్లకు 15 మి.మీ. దూరంలో ఉండాలి. రేకుకు స్క్రూతో ఎర్త్ తీగ కలపండి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైనుకే పెట్టండి. వైరు ప్లగ్ కన్నా కిందికి వేలాడి పైకెక్కాలి, అప్పుడు జారిన చుక్క సాకెట్లోకి పోదు.

మరకలకు నీళ్లు కలిపిన వెనిగర్, మెత్తటి గుడ్డ చాలు. స్టీలు పీచు గీతలు పెడుతుంది, వాషింగ్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. వెలుగు పెరిగింది కనుక రోజుకు 10 గంటలు వేసేవారు రెండు వారాలు 7 గంటలే వేయండి, లేదంటే గాజుకు నాచు పట్టేస్తుంది.