ఫారిన్ క్లయింట్ దొరికాడని స్వీట్లు పంచే ముందు

నెల్లూరులో, ఒంగోలులో ఇప్పుడు పది కుర్చీల ఆఫీసులు బాగానే కనిపిస్తున్నాయి. అమెరికా ఆసుపత్రులకు బిల్లింగ్ చేసేవాళ్లు, కంప్యూటర్లో క్యాడ్ డ్రాయింగ్‌లు గీసేవాళ్లు, లెక్కలు రాసిపెట్టేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ రాయిని తనిఖీ చేసి విదేశీ కొనుగోలుదారుకి రిపోర్టు పంపేవాళ్లు. ఎవరిని కదిలించినా ఒకటే మాట, "ఇక్కడోళ్లు డబ్బులు సరిగ్గా ఇవ్వరన్నా, డాలర్లయితే బాగుంటది." బాగుంటది, నేను కాదనను. కానీ మొదటి ఏడాది గట్టి దెబ్బే తగులుతుంది. తిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

2021లో మాది ఆరుగురి ఆఫీసు. అమెరికా బిల్లింగ్ పని ఒకటి ఒప్పుకున్నా, ఊపులో అదే నెల సొంత సాఫ్ట్‌వేర్ కూడా చేయించేద్దామని ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకున్నా. బిల్లు పంపిన 60 రోజులకు డబ్బు అని కాంట్రాక్టులో ఉంది, చదివాను కూడా, లెక్క మాత్రం వేసుకోలేదు. నెల ఖర్చు 4 లక్షలు. ముందు నెలంతా పని చేయాలి, అప్పుడు బిల్లు, ఆ తర్వాత రెండు నెలలు. అంటే మొదటి డాలరు రాకముందే 12 లక్షలు బయటికి పోవాలి. నా దగ్గరున్నది 5. మిగతాదానికి మా ఆవిడ బంగారం బ్యాంకుకెళ్లింది, ఆ సంగతి ఇప్పటికీ పండగ పండగకీ గుర్తు చేస్తుంది.

అందుకే ఏ సంతకానికైనా ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి: నెల ఖర్చు ఎంత, పని మొదలైన రోజు నుంచి డబ్బు బ్యాంకులో పడే రోజుకి ఎన్ని నెలలు. రెండూ గుణించి, ఇంకో నెల ఖర్చు కలుపుకోండి, ఎందుకంటే ఆలస్యం అవుతుంది. అంత లేకపోతే 30 రోజుల గడువు అడగండి, లేదా కొంత అడ్వాన్సు. అడిగితే పోతాడేమో అని భయపడతాం కానీ, అడిగినందుకే పోయేవాడు రేపు డబ్బు దగ్గరా సతాయిస్తాడు.

ఈ మొదటి దెబ్బ నా ఒక్కడి చేతగానితనం కాదని తర్వాత చదివి కాస్త ఊరట పడ్డా. సర్వీస్ కంపెనీలు బయటి దేశాలకు వెళ్తే లాభం ఏమవుతుందో 2003లో ఫారోక్ కాంట్రాక్టర్ అనే ప్రొఫెసరు (రోడ్ల కాంట్రాక్టరు కాదు, ఇంటిపేరే అది) మరో ఇద్దరితో కలిసి పరిశీలించాడు. వాళ్లు చెప్పింది మూడు దశలు: మొదట్లో కొత్త చోటు నేర్చుకునే ఖర్చుతో లాభం తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది, మరీ ఎక్కువ దేశాలకు పాకితే మళ్లీ పడిపోతుంది. పెద్ద పెట్టుబడి కావాల్సిన సర్వీసుల కంటే మనలాంటి తెలివి మీద నడిచేవి ఆ మొదటి గుంత నుంచి త్వరగా బయటపడతాయట. త్వరగా అంటే రేపే అని కాదు.

కొత్త సాఫ్ట్‌వేరూ కొత్త దేశమూ ఒకే డబ్బుతో ఒకేసారి వద్దు. మన రొయ్యల రైతు కొత్త హేచరీ సీడ్ అన్ని గుంటల్లోనూ ఒకేసారి వదలడు కదా, ఒక గుంటలో వేసి చూస్తాడు. పాత లోకల్ పని మీద కొత్త పద్ధతి పెట్టి చూడండి, అది ఆరు నెలలు నిలిస్తే దాన్ని పట్టుకుని బయటికి వెళ్లండి. యంత్రం కొంటే అది పుస్తకంలో ఆస్తిగా ఉంటుంది, మన కొత్త ఐడియా ఖర్చు ఎక్కువభాగం జీతాలే, మన లెక్కల్లో అది ఆ ఏడాదే ఖర్చు కింద పోయి లాభం చిక్కిపోయినట్టు చూపిస్తుంది. కాబట్టి లాభం ఒక్కటే చూసి కంగారు పడకండి, ఒక్కో పనికి పట్టే గంటలు, తప్పని వెనక్కి వచ్చిన పనులు, ఈ రెండూ నెలనెలా రాసుకోండి.

ఇంకోటి, నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. గంటకు ఇంత అని రేటు మాట్లాడుకుని, ఆ తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్‌తో పని సగం గంటల్లో ముగిస్తే ఎవరికి లాభం? క్లయింట్‌కే. మనం ఖర్చు పెట్టి మన బిల్లునే సగం చేసుకున్నట్టు. అందుకని కొత్త పద్ధతి పెట్టకముందే రేటును గంట నుంచి క్లెయిముకో (ఆసుపత్రి తరఫున ఇన్సూరెన్సుకి పంపే బిల్లు) డ్రాయింగుకో ఇంత అని మార్చుకోండి. పెట్టాక అడిగితే వాడికి అసలు విషయం తెలిసిపోతుంది.

రూపాయి సంగతి: 2022 మొదట్లో డాలరు 74 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. బాగానే ఉంది కానీ సాఫ్ట్‌వేర్ చందాలు డాలర్లలో కడుతుంటే అవీ పెరుగుతాయి. రేటు మాట్లాడేటప్పుడు డాలరుకి ఇవాళ వచ్చే రూపాయల కంటే కాస్త తక్కువే వస్తాయని లెక్క కట్టుకోండి. ఒక్క దేశం మీదే బతకడం కూడా వద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు అది రొయ్యల మీద పడింది, సర్వీసుల మీద కాదు, అయినా రొయ్యల పరీక్షల మీద ఆధారపడ్డ ల్యాబుల వాళ్లకీ నిద్ర పట్టలేదు.

పన్నుల దగ్గర తెలిసిన ఆడిటర్ని పట్టుకోండి. సర్వీస్ ఎగుమతికి జీఎస్టీ కట్టకుండా బిల్లు వేయాలంటే ఎల్‌యూటీ (జీఎస్టీ వాళ్లకిచ్చే హామీ పత్రం) ఉండాలి, అది ఒక్క ఆర్థిక సంవత్సరానికే, ఏప్రిల్‌లో మొదటి బిల్లుకి ముందే మళ్లీ వేయాలి. రాయి తనిఖీ చేసేవాళ్లు మరీ జాగ్రత్త. కొనేవాడు విదేశంలో ఉన్నా సరుకును చీమకుర్తిలో చేత్తో పట్టి చూసే పని చాలాసార్లు ఎగుమతి కిందికి రాదు, అప్పుడు 18 శాతం జీఎస్టీ మన మీదే. దుబాయ్‌లో కంపెనీ పెడితే పన్నే ఉండదనే మాట పాతది, 2023 జూన్ నుంచి అక్కడ 3,75,000 దిర్హాములు దాటిన లాభం మీద 9 శాతం ఉంది, ఫ్రీ జోన్ (అక్కడి ప్రత్యేక వ్యాపార మండలం) మినహాయింపుకి వేరే షరతులున్నాయి.

చివరిగా మన ఊరికే ప్రత్యేకమైన గండం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టికట్ట కూడా కొట్టుకుపోయింది, ఆ హడావుడిలో మా నెట్ ఎంత? క్లయింట్‌కి నెల్లూరు ఎక్కడుందో కూడా తెలియదు, పని ఎందుకు ఆగిందనే అడుగుతాడు. కాంట్రాక్టులో తుపాను, వరద అని పేరు పెట్టి రాయించండి. రెండు వేర్వేరు కంపెనీల నెట్ పెట్టుకోండి, ఒకరిద్దర్ని మెట్ట ప్రాంతంలోనో హైదరాబాద్‌లోనో కూర్చోబెట్టే ఏర్పాటు చేసుకోండి, కానీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే పని చేయాలి. అమెరికా రోగుల వివరాలు బయటికి పొక్కకుండా హిపా అనే చట్టం ఉంది, బావమరిది కంప్యూటర్లో తెరిస్తే కాంట్రాక్టే పోవచ్చు.

వాయుగుండాలకి ముందే, సెప్టెంబరులో ఒక రోజు పని నడుస్తుండగానే కరెంటు మెయిన్ ఆఫ్ చేసి చూడండి. మేము మొదటిసారి చేసినప్పుడు ఇన్వర్టరు నలభై నిమిషాలకే పడుకుంది, జనరేటర్లో డీజిల్ లేదు, తాళం వాచ్‌మన్ దగ్గరుంది, వాచ్‌మన్ కావలి వెళ్లాడు.