ప్రభుత్వ డేటా విడుదల చేసే ముందు

పేర్లు, ఫోన్ నంబర్లు తీసేస్తే సరిపోదు. పుట్టిన తేదీ, లింగం, పోస్టల్ కోడ్ కలిస్తే చాలామంది దొరికిపోతారు. అందుకే తేదీ బదులు వయసు శ్రేణి, కోడ్ బదులు జిల్లా ఇవ్వండి.

• పట్టికలో ఒకరిద్దరే ఉన్న గడిని దాచండి. అదొక్కటే దాస్తే మొత్తంలోంచి మిగతావి తీసేసి ఆ అంకె కనిపెట్టేస్తారు, కాబట్టి ఇంకో గడి కూడా దాచాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే.

• నంబర్లను హ్యాష్ చేశాం (అంటే ఒక సూత్రంతో అర్థంకాని అక్షరాల వరుసగా మార్చాం) కదా అని నమ్మకండి. 2014లో బయటికొచ్చిన న్యూయార్క్ టాక్సీ ప్రయాణాల డేటాలో అలా దాచిన లైసెన్స్ నంబర్లను త్వరలోనే ఛేదించారు. సాధ్యమయ్యే నంబర్లు తక్కువైతే అన్నిటినీ హ్యాష్ చేసి, ఏది సరిపోతుందో పోల్చి చూడొచ్చు.

• ఎక్సెల్‌లో దాచిన కాలమ్స్, షీట్లు పూర్తిగా తొలగించండి.

• ఇప్పటికే బయట ఉన్న జాబితాలతో, ముఖ్యంగా ఓటర్ల జాబితాతో, కలిపి చూడండి. ఎవరైనా గుర్తుపట్టేలా ఉంటే విడుదల ఆపండి. డౌన్‌లోడ్ అయిన ఫైలును వెనక్కి తీసుకోలేం.