ప్రభుత్వ విధానాల పర్యావరణ మదింపు - పాఠం 3: జీవో నుంచి చెరువు దాకా

గత పాఠంలో ఏ విధానానికి మదింపు అవసరమో, దేన్ని వదిలెయ్యొచ్చో చూశాం. ఈ వారం అసలు పనిలోకి దిగుదాం. ఫ్యాక్టరీ అయితే పొగ గొట్టం కనిపిస్తుంది, ఎంత బూడిద వస్తుందో లెక్క కట్టొచ్చు. జీవోలో అలా కొలవడానికి ఏమీ దొరకదు. అది చూసి జనం ఏం చేస్తారు, వాళ్లు చేసినదానివల్ల నేలకీ నీటికీ ఏమవుతుంది అని మెట్టు మెట్టుగా రాసుకుంటూ పోవాలి.

ఉదాహరణకి హైదరాబాద్ జంట జలాశయాల సంగతి తీసుకుందాం. ఉస్మాన్‌సాగర్ (మనకి గండిపేట), హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా 1996లో జీవో 111 ఇచ్చారు. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు.

కాగితం తీసుకుని ఎడమ పక్కన ‘ఆంక్షలు తీసేశారు’ అని రాయండి. బాణం గీసి, పక్కన మొదట కదిలేది ఎవరో రాయండి. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు భూమి ఉన్న రైతు, అతని దగ్గరికి వచ్చే రియల్టర్. ఎకరం రేటు పెరుగుతుంది, పొలం వెంచర్ అవుతుంది. అక్కడినుంచి రెండు బాణాలు. ఒకటి ఇంటింటికీ బోరు, సెప్టిక్ ట్యాంకు. రెండోది వాన నీరు. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఇక్కడ లెక్క చేతికి అందుతుంది.

ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. 10 సెంటీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద 4 లక్షల లీటర్ల నీళ్లు పడ్డట్టు. పొలమైతే కొంత తాగుతుంది, కొంత గట్లు ఆపుతాయి. సిమెంటు రోడ్లు, డాబాలు అయితే చాలావరకు గంటల్లోనే పల్లానికి వచ్చేస్తుంది. 1.32 లక్షల ఎకరాల్లో పదో వంతే కట్టడాలతో నిండిందనుకుందాం. అదే వానకి ఆ భాగం మీద పడే నీళ్లు దాదాపు 0.19 టీఎంసీ. ఉస్మాన్‌సాగర్ మొత్తం సామర్థ్యమే 3.9 టీఎంసీ. ఇది ముతక లెక్క, ఎంత ఇంకుతుందో తేల్చాలంటే నేల స్వభావం కావాలి. అయినా ఇంజనీరుని ఏం అడగాలో మీకు తెలిసిపోతుంది.

ఇంత ప్రభావం ఉంటే పర్యావరణ అనుమతి దగ్గర ఎందుకు ఆగదు? 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ ప్రాజెక్టుల్ని ఒక్కొక్కటిగా చూస్తుంది. భవనం 20,000 చదరపు మీటర్లు దాటితేనే అనుమతి కావాలి. 200 గజాల ఇల్లు ఆ గడప దగ్గరికే రాదు. అలాంటి ఇళ్లు వేలల్లో వచ్చినా కలిపి చూసేవాళ్లు ఉండరు. యూరప్‌లో 2001 నాటి ఆదేశం ప్రకారం భూ వినియోగం లాంటి ప్రణాళికల్ని ఆమోదించకముందే మదింపు చెయ్యాలి. మన దగ్గర అలాంటి తప్పనిసరి చట్టం లేదు.

ఇక కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు: పరిధి, అంటే మదింపులో ఏయే అంశాలు చూడాలో ముందే తేల్చుకోవడం. ఆంక్షలు ఎత్తేసేటప్పుడు ప్రభుత్వం చెప్పిన ముఖ్య కారణం, నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, తాగునీటికి ఈ జలాశయాల మీద ఇక ఆధారపడటం లేదు అని. ప్రశ్న తాగునీటి గురించే అయితే ఆ జవాబు సబబే. కానీ ఈ జలాశయాలు 1908 సెప్టెంబర్ మూసీ వరద తర్వాత వచ్చాయి. నగరాన్ని వరద నుంచి కాపాడటం వాటి మొదటి పని. పరిధిలో ‘వరద’ అన్న గడి లేకపోతే తర్వాత ఎంత శ్రద్ధగా లెక్కలు కట్టినా వరద ఎక్కడా తేలదు. నా మటుకు, రిపోర్టులో అన్నిటికన్నా ముందు చదవాల్సింది పరిధి పేజీ. దాని మీద వాదించకుండా చివరి పట్టికల మీద వాదించడం దండగ.

‘ఆంక్షలు ఉంటే’, ‘ఆంక్షలు తీసేస్తే’ అని రెండు కాలమ్‌లు పెట్టి పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. జీవో 111 ఉన్న రోజుల్లోనే అక్కడ ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. కాబట్టి ‘ఆంక్షలు ఉంటే’ అన్న కాలమ్‌లో జీవోలో రాసిన మాటలు దించకండి, నేల మీద ఉన్నది రాయండి. లేదంటే కొత్త విధానం తెచ్చే నష్టం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అవతలివాళ్లు మీ రిపోర్టుని మొదట పట్టుకునేది అక్కడే.

ఈ వారం పని: మీ ఊరి మాస్టర్ ప్లాన్ మ్యాపు తీసుకోండి. వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కి మారిన ఒక్క ముక్క ఎంచుకుని, కనీసం నాలుగు బాణాల గొలుసు గీయండి. ప్రతి బాణం కింద దాన్ని నిరూపించే సమాచారం ఎవరి దగ్గర ఉంటుందో రాయండి: భూగర్భ జల శాఖా, రిజిస్ట్రేషన్ ఆఫీసా, నీటిపారుదల శాఖా. ఎవరి దగ్గరా దొరకని బాణం ఉంటే దాన్ని ఎర్ర పెన్నుతో గీసి ఉంచండి. వచ్చే పాఠంలో ప్రత్యామ్నాయాల్ని ఆ బాణాల దగ్గరే మొదలుపెడతాం.